స్ఫటికం ఉపరితలం మారడం, నమ్మకాలు మారడం: రెండూ ఒకే లెక్కా?

మెట్లదారి:

నమస్తే అందరికీ. ప్రశ్న కొంచెం పెద్దది, ఓపిక పట్టండి.

స్ఫటికాల ఉపరితలాలు కాలంతో ఎలా మారతాయో చెప్పే సమీకరణాల మీద పనిచేస్తున్నాను. ప్రయోగశాల మనిషిని కాదు, కాగితం మనిషిని. ఈ మధ్య ఆసక్తి కొద్దీ లాజిక్ వాళ్ల సెమినార్‌కి వెళ్లి వెనక బెంచీలో కూర్చుంటే, అక్కడ నమ్మకాల మార్పు గురించిన ఏజీఎం సిద్ధాంతం చెప్పారు. 1985లో అల్చురోన్, గార్డెన్‌ఫోర్స్, మాకిన్సన్ కలిసి రాసిన వ్యాసం, ఆ ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలే దాని పేరు. చెప్పినాయన "కొత్త సమాచారం పాత నమ్మకాలతో కొట్లాడినప్పుడు వీలైనంత తక్కువ మార్చి, వైరుధ్యం లేకుండా సర్దుకోవాలి" అన్నాడు. ఆ ముక్క వినగానే నేను లేచి కూర్చున్నా, ఎందుకంటే మా దగ్గరా సరిగ్గా అదే చేస్తాం!

మా దగ్గర ఎలాగంటే: ఉపరితలం ఇప్పుడు ఒక ఆకారంలో ఉంది. కాసేపటికి ఏ ఆకారంలోకి వెళ్తుంది? రెండు ఖర్చులు కూడి, మొత్తాన్ని కనిష్ఠం చేసే ఆకారాన్ని వెతుకుతాం. ఒకటి కొత్త ఆకారానికి ఉండే ఉపరితల శక్తి. రెండోది పాత ఆకారం నుంచి ఎంత దూరం వచ్చామో దాని వర్గం, దాన్ని కాలపు అడుగుకి రెట్టింపుతో భాగిస్తాం. అడుగు చిన్నదైతే దూరం ఖర్చు భారీగా పడుతుంది కాబట్టి ఆకారం పెద్దగా కదలదు. అడుగుని సున్నాకి తీసుకెళ్తే మనకి తెలిసిన అవకలన సమీకరణం వస్తుంది. గ్రేడియంట్ ఫ్లో అంటారు దీన్ని.

సెమినార్‌లో చెప్పింది: నా నమ్మకాలకి సరిపడే సాధ్య ప్రపంచాలు, అంటే ప్రపంచం ఎలా ఉండొచ్చన్న చిత్రాలు, ఒక గుంపు, కొత్త వాక్యం నిజమయ్యే ప్రపంచాలు ఇంకో గుంపు. రెండో గుంపులోంచి మొదటి గుంపుకి అన్నిటికన్నా దగ్గరగా ఉన్నవి ఏరుకుంటే అదే సవరించిన నమ్మకం. చూశారా, ఇక్కడా దూరమే, ఇక్కడా కనిష్ఠమే.

నమ్మకాల సవరణని ఒక రకం గ్రేడియంట్ ఫ్లో అనుకోవచ్చా? అనుకోగలిగితే సెకను సెకనుకీ నమ్మకం మెల్లగా మారే సమీకరణం రాయొచ్చా? ఇంకొకటి, ఏజీఎంలో రికవరీ అని ఒక నియమం ఉంది, ఒక నమ్మకాన్ని తీసేసి మళ్లీ చేర్చితే పోయినవన్నీ తిరిగి రావాలని. అది నాకు ద్రవ్యరాశి నిత్యత్వం లాగా కనపడుతోంది, ఎందుకంటే సర్ఫేస్ డిఫ్యూజన్‌లో అణువులు అటూ ఇటూ జరుగుతాయి తప్ప పోవు కదా. నేను పిచ్చి దారిలో ఉన్నానా, కాస్తయినా పస ఉందా?

రెండోఆలోచన:

పస ఉంది, కానీ మీరు వంతెన వేసిన చోటు తప్పు. పక్కనే ఇంకో చోట వేస్తే నిలబడుతుంది.

నమ్మకాలు మారడానికి రెండు కారణాలుంటాయి. ప్రపంచం కదలకుండా అలాగే ఉంది, మనకి దాని గురించి కొత్తగా ఒక సంగతి తెలిసింది, ఇది ఒకటి. ప్రపంచమే మారింది, ఆ మార్పుతో పాటు మన నమ్మకాలనీ జరపాలి, ఇది రెండోది. మొదటిదే ఏజీఎం చెప్పే సవరణ. రెండోదాన్ని అప్‌డేట్ అంటారు. ఈ రెండూ వేరని, వేరే నియమాలు కావాలని 1991లో కట్సునో, మెండెల్‌జోన్ గట్టిగా చెప్పారు. వినడానికి సన్నని తేడా. లెక్క వేస్తే జవాబే మారిపోతుంది.

ఒక గదికి ఎడమ కిటికీ, కుడి కిటికీ ఉన్నాయి. వాటిలో సరిగ్గా ఒకటే తెరిచి ఉందని మీకు తెలుసు, ఏదో తెలీదు. అంటే మీ బుర్రలో రెండు ప్రపంచాలు: ఎడమది తెరిచి కుడిది మూసి, లేదా ఎడమది మూసి కుడిది తెరిచి. ఇప్పుడు ఎవరో చూసొచ్చి "ఎడమది తెరిచి ఉంది" అన్నారు. ఇది సవరణ. రెండో ప్రపంచం కొట్టుకుపోయింది, కుడిది మూసి ఉందని తేలిపోయింది. అలా కాకుండా ఎవరో గదిలోకి వెళ్లి ఎడమ కిటికీ తెరిచి వచ్చారనుకోండి, అంతకుముందు ఎలా ఉన్నా సరే. ఇది అప్‌డేట్. మొదటి ప్రపంచం అలాగే ఉంటుంది, రెండో ప్రపంచంలో ఇప్పుడు రెండూ తెరిచి ఉంటాయి. కుడిది తెరిచి ఉందో మూసి ఉందో మీకింకా తెలీదు. చేరిన వాక్యం రెండు సార్లూ "ఎడమది తెరిచి ఉంది" అన్నదే, అయినా జవాబులు రెండు.

గమనించండి, అప్‌డేట్‌లో ఒక్కో ప్రపంచం విడిగా, తన పక్కవాళ్లతో పని లేకుండా, తనకి దగ్గరగా ఉన్న చోటికి జరిగింది. మీ సమీకరణం చేసేది అచ్చం ఇదే! మొదట్లో ఉపరితలం ఎలా ఉందో మీకు కచ్చితంగా తెలీదు, వంద ఆకారాలు సాధ్యం అనుకుందాం. ఆ వందనీ విడివిడిగా అదే సమీకరణంలో నడిపిస్తారు. ఒక ఆకారం ఎటు వెళ్తుందన్నది మిగతా 99 ఉన్నాయా లేవా అన్నదాని మీద ఆధారపడదు. కాబట్టి స్ఫటికం మారడం అప్‌డేట్‌కి జోడీ. సవరణకి జోడీ ఏంటంటే, మీరు మైక్రోస్కోప్ పెట్టి ఆ ఉపరితలాన్ని చూడటం. చూడటం వల్ల స్ఫటికం కదలదు, వందలో కొన్ని ఆకారాలు కొట్టుకుపోతాయి, అంతే.

సవరణ గ్రేడియంట్ ఫ్లో కాదు అని ఇంకో వైపు నుంచి కూడా చెప్పొచ్చు. కొత్త వాక్యం పాత నమ్మకాలతో కొట్లాడకపోతే ఏజీఎంలో దూరం అన్న మాటే రాదు, ఉన్నవాటికి దాన్ని కలుపుకోవడమే. దూరం కొలిచేది గొడవ వచ్చినప్పుడే. మీ సమీకరణానికి అలాంటి సెలవులు లేవు, శక్తి కనిష్ఠానికి చేరేదాకా నడుస్తూనే ఉంటుంది.

కింక్‌సైట్:

పై జవాబుకి నా ఓటు. అసలు విషయం మీద ఇంకెవరూ మాట్లాడకముందే నేను "దూరం" అన్న మాట దగ్గర ఒక పేచీ పెడతాను, ఎందుకంటే ఇద్దరూ దాన్ని తేలిగ్గా వాడేస్తున్నారు.

దూరం ఒకటి కాదు. ఉపరితలం ఎత్తుని తీసుకుని, శక్తి అదే ఉంచి, దూరం కొలిచే పద్ధతి మాత్రం మార్చండి. ఎత్తుల తేడాల వర్గాలని కూడి కొలిస్తే రెండో అవకలజం ఉన్న సమీకరణం వస్తుంది, అణువులు ఆవిరవుతూ మళ్లీ పేరుకునే పరిస్థితి అది. అలా కాక, "ఇక్కడి పదార్థాన్ని అక్కడికి మోసుకెళ్లడానికి ఎంత శ్రమ" అన్నట్టు కొలిస్తే నాలుగో అవకలజం వస్తుంది, అది సర్ఫేస్ డిఫ్యూజన్, మలిన్స్ 1957లో రాసిన సమీకరణం. రెండు స్ఫటిక రేణువులు కలిసే గీత దగ్గర వేడికి గాడి పడుతుంది కదా, దాని గురించి రాశాడు. మొదటి పద్ధతిలో గాడి వెడల్పు కాలం వర్గమూలంలా పెరుగుతుంది. రెండోదాంట్లో కాలం నాలుగో మూలంలా, అంటే వెడల్పు రెట్టింపు కావాలంటే 16 రెట్లు కాలం ఆగాలి. శక్తి మార్చలేదు, దూరం ఒక్కటే మార్చాం, ఎంత తేడా వచ్చిందో చూడండి.

మెట్లదారి గారు అడిగిన ద్రవ్యరాశి నిత్యత్వం కూడా ఈ దూరంలోనే దాక్కుని ఉంది. మోసుకెళ్లే దూరంలో పదార్థం పుట్టడం, పోవడం అనేదానికి అనంతమైన ఖర్చు పడుతుంది కాబట్టి అది జరగదు.

లాజిక్ వైపు ఇలాంటిదే ఉందని నాకు తెలిసినంత వరకు చెప్తాను, తప్పైతే రెండోఆలోచన గారు దిద్దండి. 1988లో దలాల్ ఎన్ని చిన్న వాక్యాల నిజం-అబద్ధం తిరగబడ్డాయో లెక్కపెట్టి దాన్నే దూరం అన్నాడు. అదే ఏడాది విన్స్‌లెట్ లెక్కపెట్టకుండా, ఒక మార్పుల జాబితాలో ఇంకో జాబితా పూర్తిగా ఇమిడి ఉంటేనే చిన్నది అంది. సంఖ్యతో పోల్చేదానికీ, ఇమడటంతో పోల్చేదానికీ జవాబులు వేరొస్తాయి. "తక్కువ మార్పు" అన్న సూత్రం ఒంటరిగా ఏమీ చెప్పదు, దేనితో కొలుస్తున్నారో చెప్తేనే అది సూత్రం.

ఇంకో హెచ్చరిక. శక్తి తగ్గుతూ పోతుందన్న కథ బయట నుంచి ఏమీ పడనప్పటిది. పైనుంచి అణువులు పడుతూ స్ఫటికం పెరుగుతుంటే పరిస్థితి వేరు. మెట్టు అంచు దాటి కిందికి దిగడానికి అణువుకి అదనంగా ఒక అడ్డంకి ఉంటుంది, 1966లో దాని గురించి రాసిన ఎర్లిక్, ష్వోబెల్ పేర్లతో దాన్ని పిలుస్తారు. దిగలేని అణువులు పైనే ఉండిపోతాయి, వాటి సగటు ప్రవాహం వాలుకి ఎదురుగా, ఎగువకి సాగుతుంది. అలా గుట్టలు లేస్తాయి. అక్కడ ఉపరితల శక్తి పెరుగుతోంది, తగ్గడం లేదు. కాబట్టి "స్ఫటికం మార్పు అంటే గ్రేడియంట్ ఫ్లో" అని గుండుగుత్తగా అనొద్దు.

సందేహాలరావు:

నేను లాజిక్కూ కాదు, స్ఫటికమూ కాదు, ప్రోగ్రామర్ని. ఒక్క మాట అడుగుతా, కోప్పడకండి. ఏ రెండింటినైనా "దూరం కనిష్ఠం చేస్తున్నాం" అని కలిపేయొచ్చు కదా? మ్యాప్‌లో దారి వెతకడం కూడా అంతే, స్పెల్లింగ్ దిద్దే సాఫ్ట్‌వేర్ కూడా అంతే. పోలిక ఉందని తెలిసి ఏం చేస్తారు? ఒక వైపు తెలిసిన సిద్ధాంతం ఇంకో వైపు ఏదైనా కొత్తగా చెప్పాలి, లేకపోతే అది ఉపమాలంకారం, గణితం కాదు.

మెట్లదారి:

సందేహాలరావు గారి మాట గుచ్చుకుంది కానీ న్యాయమే. నేను ఆశించిన కొత్త ఫలితం ఒకటి ఉంది. శక్తి కుంభాకారంగా ఉంటే, అంటే ఒకే గిన్నె ఆకారంలో ఉంటే, గ్రేడియంట్ ఫ్లోలో ఏ రెండు పరిష్కారాలూ ఒకదానికొకటి దూరం జరగవు. మొదట్లో ఎంత దూరంలో ఉన్నాయో ఆ తర్వాత అంతకన్నా ఎక్కువ దూరం ఉండవు. ఇది నమ్మకాలకీ వర్తిస్తే, దగ్గర దగ్గర అభిప్రాయాలున్న ఇద్దరు ఒకే సమాచారం వింటూ పోతే ఎప్పటికీ విడిపోరని ఒక సిద్ధాంతం వచ్చేది. అది నిజమా అబద్ధమా? రికవరీ సంగతి కూడా ఎవరైనా చెప్పండి, కింక్‌సైట్ గారు నిత్యత్వం గురించి చెప్పింది అర్థమైంది, రెండో సగం ఇంకా మిగిలింది.

రెండోఆలోచన:

అబద్ధం. అబద్ధమని చూపించడం తేలిక, ఎందుకు అబద్ధం అన్నది మాత్రం ఆసక్తిగా ఉంటుంది.

రెండు చిన్న వాక్యాలు తీసుకుందాం: "తలుపు మూసి ఉంది", "దీపం వెలుగుతోంది". ఇద్దరు మనుషులు, ఇద్దరూ రెండూ నిజమనే నమ్ముతున్నారు. నమ్మకాల్లో వెంట్రుకవాసి తేడా లేదు. ఇప్పుడు ఇద్దరికీ "తలుపు తెరిచి ఉంది" అని తెలిసింది. మొదటివాడికి తలుపుకీ దీపానికీ సంబంధం లేదు, తలుపు సంగతి మార్చుకుని దీపం వెలుగుతోందనే అంటాడు. రెండోవాడి లెక్కలో, తలుపు తెరిస్తే దీపం ఆరిపోయే అవకాశమే ఎక్కువ, వాడు దీపం ఆరిందంటాడు. దూరం సున్నాతో మొదలై, ఒకే వార్త విని, వేరే చోట్లకి చేరారు. మీ సిద్ధాంతం అక్కడే కూలింది.

ఎందుకు కూలిందంటే, నమ్మే వాక్యాల జాబితా ఆ మనిషి పూర్తి స్థితి కాదు. ఏ ప్రపంచం ఎంత నమ్మశక్యం అన్న వరుస ఒకటి అడుగున ఉంటుంది, పైకి కనపడదు, గొడవ వచ్చినప్పుడు బయటపడుతుంది. 1988లో గ్రోవ్ దీన్ని ఒకదాని చుట్టూ ఒకటి ఉండే వలయాలుగా గీసి చూపించాడు. ఏజీఎం నియమాలు ఒక అడుగు సవరణ గురించే మాట్లాడతాయి. రెండో వార్త వచ్చేసరికి ఆ వరుస ఏమైందో చెప్పకపోతే ముందుకి పోలేం. 1997లో డార్విష్, పెర్ల్ ఆ వరుస ఎలా మారాలో అదనంగా నాలుగు నియమాలు పెట్టారు. అవీ చాలవు.

చాలవని ఎలా తెలుస్తుందంటే, అదే తలుపు, అదే దీపం. మొదటివాడి వరుస ఇది: మూసి-వెలుగు ముందు, తర్వాత మూసి-ఆరి, తర్వాత తెరిచి-వెలుగు, చివర తెరిచి-ఆరి. "తలుపు తెరిచి ఉంది" అని వచ్చింది. బుటిలియే చెప్పిన పద్ధతిలో, తలుపు తెరిచిన వాటిల్లో ముందున్న ప్రపంచాన్ని ఒక్కదాన్ని పైకి తెచ్చి మిగతా వరుస కదపకుండా వదిలేస్తాం. వరుసని కదిపింది అతి తక్కువ, కాబట్టి ఇదే ఆదర్శం అనిపిస్తుంది. ఇప్పుడు "దీపం ఆరింది" అని వచ్చింది. ఆరిన వాటిల్లో ముందున్నది ఏది? మూసి-ఆరి. అంటే ఇందాక తెలుసుకున్న "తలుపు తెరిచి ఉంది" అన్నది గాల్లో కలిసిపోయింది, మళ్లీ మూసి ఉందని నమ్ముతున్నాడు! దీపం వార్తకీ తలుపుకీ ఏ సంబంధమూ లేకపోయినా. వార్తలు తిరగేసి వినిపించండి, ముందు దీపం, తర్వాత తలుపు, అప్పుడు దీపం వెలుగుతోందంటాడు. నాయక్ ప్రతిపాదించిన ఇంకో పద్ధతి ఉంది, తలుపు తెరిచిన ప్రపంచాలన్నిటినీ, ఒక్కదాన్ని కాదు, మూసిన వాటన్నిటికన్నా పైకి తేవడం. అందులో రెండు వార్తలూ నిలుస్తాయి. రెండు పద్ధతులూ డార్విష్, పెర్ల్ నియమాలన్నిటికీ లోబడే ఉన్నాయి. నాకైతే రెండోదే ఇష్టం, మొదటిదానికి ఉన్న పొదుపు పిసినారితనం.

రికవరీకి వద్దాం. అది నిత్యత్వం కాదండీ, మూసిన గుంపు వల్ల వచ్చే ఒక విచిత్రం. ఏజీఎంలో నమ్మకాల గుంపు అంటే దాని తార్కిక ఫలితాలన్నీ కలిపి. మీరు "తలుపు మూసి ఉంది", "దీపం వెలుగుతోంది" నమ్మితే, "తలుపు మూసి ఉంటే దీపం వెలుగుతోంది" అన్న వాక్యం కూడా మీకు తెలీకుండానే గుంపులో ఉంటుంది. తలుపు సంగతి తీసేసినప్పుడు ఇలాంటివి అడుగున మిగలాలన్నదే రికవరీ కోరిక. తలుపు మళ్లీ చేర్చగానే అవి పనిచేసి పోయినదాన్ని లాక్కొస్తాయి. అదే మీ నమ్మకాలని మూసిన గుంపుగా కాక, మీరు నిజంగా విన్న వాక్యాల చిన్న మూటగా పెట్టుకోండి. మూటలో "తలుపు మూసి ఉంది, దీపం వెలుగుతోంది" అని ఒకే వాక్యం ఉంది. తలుపు సంగతి తీయాలంటే ఆ వాక్యం మొత్తం పోవాలి, మూట ఖాళీ. తిరిగి తలుపు చేరిస్తే దీపం రాదు. అదే రెండు విడి వాక్యాలుగా ఉంటే దీపం అసలు పోయేదే కాదు. హాన్సన్ లాంటివాళ్లు మూటల వైపు నిలబడింది ఇందుకే.

కింక్‌సైట్:

రికవరీ మీద ఒక్క వాక్యం కలుపుతాను: మలిన్స్ సమీకరణంలో పదార్థం పోదు కానీ ఆకారం పోతుంది, వెనక్కి నడిపిస్తే చిన్న చిన్న గరుకులు విపరీతంగా పెరిగి లెక్క పేలిపోతుంది. నిత్యత్వానికీ, పోయింది తిరిగి రావడానికీ సంబంధం లేదు.

నన్ను పట్టుకున్నది "కనపడని వరుస" అన్న ముక్క. మా దగ్గరా అలాంటిది ఒకటి ఉండేది, మేం దాన్ని వదిలించుకున్నాం, ఎలా వదిలించుకున్నామన్నదే అసలు తేడా. 1951లో బర్టన్, కాబ్రెరా, ఫ్రాంక్ రాసిన నమూనాలో ఉపరితలం అంటే మెట్లు, మెట్ల మధ్య చదును నేలలు. చదును మీద విడి అణువులు తిరుగుతూ ఉంటాయి, ఏదో ఒక మెట్టు అంచుకి చేరి, అక్కడి మూల దొరికితే అతుక్కుంటాయి, దాంతో మెట్టు ముందుకి జరుగుతుంది. అంటే స్థితి అంటే ఎత్తు ఒక్కటే కాదు, ఎక్కడ ఎన్ని విడి అణువులు తిరుగుతున్నాయన్నది కూడా. కానీ అణువులు మెట్ల కన్నా ఎంతో వేగంగా కదులుతాయి కాబట్టి, మెట్లు కదిలేలోపు వాటి సాంద్రత స్థిమితపడిపోయిందని తీసుకుంటాం. అప్పుడు ఆ సాంద్రతని మెట్ల ఆకారం నుంచే లెక్కగట్టేయొచ్చు. ఎత్తు ఒక్కటే మిగులుతుంది. దాగిన స్థితి వేగంగా సర్దుకుంటే దాన్ని చెరిపేయొచ్చన్నమాట. నమ్మకాల వరుస అలా సర్దుకోదు. ఎవరూ వార్త చెప్పకపోతే పదేళ్లయినా అలాగే పడి ఉంటుంది. అందుకే మీ వైపు ఆ రాయితీ దొరకలేదు.

సందేహాలరావు గారూ, ఇది ఉపమాలంకారమే అంటారా ఇప్పుడు?

సందేహాలరావు:

ఇది కాదు. ఇది పనికొచ్చే ప్రశ్న: "స్థితి అంటే ఏది?" ఒప్పుకుంటున్నా. డేటాబేస్ వాళ్లం రోజూ తినే చీవాట్లు ఇవే.

లోయలో_అణువు:

ఆలస్యంగా వచ్చా. చదువుతూ నవ్వుకున్నాను, ఎందుకంటే రెండోఆలోచన గారు చెప్పిన "నడిపించు, చూడు, కొట్టెయ్" అన్నదాన్ని నేను పేరు తెలీకుండా కోడ్‌లో రాశాను. సంభావ్యత వాళ్లకి ఇది పాతదే, 1960 నాటి కల్మన్ ఫిల్టర్‌లో రెండు అంచెలుంటాయి, సమీకరణంతో ముందుకి జరపడం ఒకటి, కొలతతో దిద్దడం ఒకటి. మొదటిది అప్‌డేట్, రెండోది సవరణ. మెట్లదారి గారి "సెకను సెకనుకీ మారే నమ్మకం"కి జవాబు ఇదే అనుకుంటా: కొలతకీ కొలతకీ మధ్య నున్నగా జరుగుతుంది, కొలత దగ్గర గెంతుతుంది.

సంభావ్యతతో చేస్తే ఒక చిక్కు ఉంది, నేను అందులో పడ్డాను. అసాధ్యం అని సున్నా ఇచ్చేసిన ఆకారాన్ని తర్వాత కొలత ఎంత మొత్తుకున్నా బతికించలేం, సున్నాని దేనితో గుణించినా సున్నాయే. నా వంద ఆకారాల్లో తొంభై పైచిలుకు మొదటి కొలతకే చచ్చిపోయాయి, మిగిలినవి తప్పువని తర్వాత తేలింది, వెనక్కి రావడానికి దారి లేదు. ఏజీఎం పుట్టిందే ఇలాంటి చోట, అనుకోనిది ఎదురైనప్పుడు. 1988లో స్పోన్ చెప్పిన ర్యాంకులు ఇక్కడ బాగా పనికొచ్చాయి. ప్రతి ఆకారానికీ ఎంత నమ్మలేమో ఒక పూర్ణాంకం ఇస్తాం, 0 అంటే నమ్మశక్యమే, 1 అంటే కొంచెం అనుమానం, అలా పైకి. ఉపరితలం మారుతున్నప్పుడు ఆకారం మారుతుంది, ర్యాంకు దాన్ని అంటిపెట్టుకుని పోతుంది. కొలత వచ్చినప్పుడు దానికి సరిపడే ఆకారాల ర్యాంకుల్లో అతి చిన్నది చూసి, అంత వాటన్నిటిలోంచి తీసేస్తాం, సరిపడని వాటిని పైకి నెడతాం. ఎవరూ చావరు, వెనక్కి పోతారంతే.

లెక్క చేసేవాళ్లకి ఒక జాగ్రత్త. నాలుగో అవకలజం ఉన్న సమీకరణాన్ని సూటి పద్ధతిలో నడిపిస్తే కాలపు అడుగు, గడి నిడివి నాలుగో ఘాతాన్ని మలిన్స్ సమీకరణంలో నాలుగో అవకలజం ముందుండే గుణకానికి 8 రెట్లతో భాగించినదానికన్నా పెద్దది కాకూడదు. గడి సగం చేస్తే అడుగు 16 వంతు అవుతుంది, గళ్లు రెట్టింపు, ఒకే దిశలో కూడా పని 32 రెట్లు. అలాంటివి వంద ఆకారాలు! నేను ఇది పట్టించుకోక ఒక రాత్రంతా నడిపించి, పొద్దున్న లేచి చూస్తే ఫైలు నిండా అర్థం లేని అంకెలు. అప్పటి నుంచి ఇంప్లిసిట్ పద్ధతే, అంటే ప్రతి అడుగులో కొత్త ఆకారం కోసం సమీకరణాలు విప్పేది.

అసలు దెబ్బ ఇంకోటి. మలిన్స్ సమీకరణంలో అలలు వాటి పొడవు నాలుగో ఘాతం ప్రకారం చదునవుతాయి. ఒక పొడవు అల, దానిలో సగం పొడవున్న అల, రెండూ ఒకే ఎత్తుతో మొదలయ్యాయనుకోండి. పొడుగుది సుమారు 37 శాతానికి తగ్గేసరికి పొట్టిది తన ఎత్తులో దాదాపు 89 లక్షల వంతుకి వచ్చేస్తుంది. అంటే పొట్టి అలల్లో మాత్రమే తేడా ఉన్న ఆకారాలన్నీ కలిసిపోయి ఒకటే అయిపోతాయి. ఆలస్యంగా కొలిస్తే ఆ కొలత వాటిని వేరు చేయలేదు, ర్యాంకులు మొదట్లో ఎలా ఉన్నాయో అలాగే ఉండిపోతాయి. మెట్లదారి గారూ, మీరు వెతికిన "దూరం పెరగదు" అన్న సిద్ధాంతం ఇక్కడ నిజంగానే పనిచేస్తోంది, కానీ వరమై కాదు, శాపమై.

మెట్లదారి:

అందరికీ చాలా థ్యాంక్స్. లోయలో_అణువు గారి చివరి పేరా రెండు సార్లు చదివాను. నేను వాడే సమీకరణంలో ఇంకో మెలిక ఉంది, ఎక్స్‌పోనెన్షియల్ ఉంటుంది. అణువుల సాంద్రత రసాయన పొటెన్షియల్‌కి (ఒక అణువు చేరితే శక్తి ఎంత మారుతుందో చెప్పేది) ఎక్స్‌పోనెన్షియల్‌గా మారుతుంది కాబట్టి, దాన్ని సరళం చేయకుండా ఉంచితే శిఖరాలు, లోయలు ఒకేలా ప్రవర్తించవు. లోయ మరీ పదునెక్కితే ఎక్స్‌పోనెన్షియల్ సున్నా దగ్గరికి పోతుంది, దాని మీద అంచనాలు పట్టు చిక్కవు. అంటే శిఖరాల గురించి కొలత చెప్పేది, లోయల గురించి చెప్పేది సమానం కాకపోవచ్చు. మొదట దాన్ని చూస్తాను, ఒకే దిశలో, ఓ ఇరవై ఆకారాలతో.

ఒక్క చిన్న సందేహం: కొలతే తప్పైతే? ఏజీఎం కొత్త వాక్యాన్ని ఎప్పుడూ ఒప్పుకోవాల్సిందే అంటుంది కదా.

రెండోఆలోచన:

అంటుంది, సక్సెస్ అన్న నియమం అదే. దాన్ని వదిలేసిన పద్ధతులు చాలా ఉన్నాయి, కొత్తదాన్ని ఒప్పుకోవాలా వద్దా అని ముందు తూకం వేసేవి. మీరు ర్యాంకులు వాడుతున్నారు కాబట్టి అంత దూరం పోనక్కర్లేదు. కొలతకి సరిపడే వాటిని 0కి దించడం మానేసి, సరిపడని ఆకారాలని మాత్రమే పైకి నెట్టండి, ఎన్ని మెట్లన్నది మీ చేతిలో ఉంది. పరికరం మీద నమ్మకం ఎక్కువైతే 5, అనుమానం ఉంటే 1. ఒకటే నెడితే, అంతకుముందే గట్టి మద్దతున్న ఆకారం ఒక్క చెడ్డ కొలతకి దిగిపోదు.

లోయలో_అణువు:

నేను 2 పెడతాను. కోడ్ శుభ్రం చేసి ఈ వారంలో ఇక్కడే పెడతా, వేరియబుల్ పేర్లు చూసి నవ్వకండి.